మన నల్లా నీళ్లు మంచివేనా? నల్లగొండ, పాలమూరు పల్లెల్లో తరచుగా అడిగే ప్రశ్నలు

మునుగోడు, మర్రిగూడ, దేవరకొండ వైపు పల్లెల్లో నీటి పరీక్ష పెట్టె పట్టుకుని తిరుగుతున్నప్పుడు జనం నన్ను అడిగిన ప్రశ్నలివి. కొన్ని నల్లా దగ్గర బిందె నిండేలోపు అడిగినవి, కొన్ని గ్రామసభలో లేచి నిలబడి అడిగినవి. నాకు తెలిసినంతవరకు, లెక్కతో సహా జవాబులు రాస్తున్నాను.

నీళ్లు తేటగా, తియ్యగా ఉన్నాయి. ఇంకా పరీక్ష ఎందుకు?

మా తాతల కాలం నుంచి మమ్మల్ని మోసం చేసింది ఆ తేటదనమే. నీటిలో కరిగి పళ్లను, ఎముకలను చెడగొట్టే ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, మనం తాగే మోతాదులో రుచి కూడా తెలియదు. మర్రిగూడ మండలంలో నడుము వంగిపోయిన వాళ్లు తాగిన బోరింగు నీళ్లు చూడటానికి అద్దంలాగే ఉండేవి. పసికందులకు ప్రమాదమైన నైట్రేట్ సంగతీ అంతే. కలరా, టైఫాయిడ్, కామెర్లు తెచ్చే సూక్ష్మజీవులు తేట నీళ్లలోనూ ఉంటాయి. కన్ను పట్టుకోగలిగేది బురదను మాత్రమే. మిగిలినవన్నీ అంకెల్లోనే తెలుస్తాయి.

మన నేలలోనే ఇంత ఫ్లోరైడ్ ఎందుకుంది?

మన కాళ్ల కింద ఉన్నది గ్రానైట్ రాయి. ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలు అందులో కలిసి ఉంటాయి. వాన తక్కువ, ఎండ ఎక్కువ. భూమిలోకి దిగిన కొద్ది నీరు రాతి పగుళ్లలో ఏళ్లతరబడి నిలిచి, ఆ ఖనిజాలను కొద్దికొద్దిగా కరిగించుకుంటుంది. నీటిలో కాల్షియం బాగా ఉంటే అది ఫ్లోరైడ్‌ను కొంతవరకు కట్టిపడేస్తుంది, కానీ మన భూగర్భజలాల్లో చాలాచోట్ల కాల్షియం తక్కువ. పైగా చెరువులు, దిగుడు బావులు వదిలి లోతైన బోర్లకు అలవాటు పడ్డాం. లోతుకు వెళ్లేకొద్దీ రాతితో ఎక్కువ కాలం కలిసి ఉన్న నీరే పైకి వస్తుంది. ఇది ఏ ఫ్యాక్టరీ చేసిన కాలుష్యమూ కాదు, నేల స్వభావం. అందుకే దీన్ని మూలంలో ఆపడం కుదరదు, నీటి వనరునే మార్చుకోవాలి.

ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం వచ్చింది కదా, ఫ్లోరైడ్ పోయినట్టేనా?

మన ఇంటికి వచ్చే నీటిలో పోయింది. నేలలో పోలేదు. ఈ రెండింటి మధ్య తేడాను మరిచిపోవడమే ఇప్పుడు నాకున్న పెద్ద భయం.

ఇక్కడి జనం ఈ నీళ్ల కోసం ఎంత కొట్లాడారో కొత్త తరానికి అంతగా తెలియదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీ చేశారు. గెలవడానికి కాదు, మా నీళ్ల గోస దేశానికి వినిపించడానికి. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది, పోలింగే వాయిదా పడింది. హైదరాబాద్‌కు కృష్ణా నీళ్లు మోసుకెళ్లే పెద్ద పైపులు మన జిల్లా మీదుగానే పోతుంటే, వాటికి దగ్గరి ఊళ్లవాళ్లు విషపు బోరింగు కొట్టుకుని బిందెలు నింపుకున్నారు. అందుకే మిషన్ భగీరథ పైలాన్‌ను, అంటే పథకం గుర్తుగా కట్టిన స్తూపాన్ని, 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో ఆవిష్కరించినప్పుడు ఇక్కడ కళ్లు తుడుచుకున్న వాళ్లున్నారు. పథకం తొలి దశను 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండలో ప్రధానమంత్రి ప్రారంభించారు. నల్లగొండ వైపు అక్కంపల్లి, ఉదయ సముద్రం జలాశయాల నుంచి, పాలమూరు వైపు శ్రీశైలం వెనుక జలాల మీద ఆధారపడిన ఎల్లూరు నుంచి నీళ్లు తీసి, శుద్ధి చేసి పంపుతున్నారు. పల్లెలో మనిషికి రోజుకు 100 లీటర్లు ఇవ్వాలన్నది లక్ష్యం.

నది నీటిలో ఫ్లోరైడ్ సమస్య లేదు. ఆ నీళ్లే తాగుతూ పెరుగుతున్న పిల్లల పళ్లు చూస్తే నాకు ఎంత సంతోషంగా ఉంటుందో మాటల్లో చెప్పలేను. అయితే ప్రభుత్వ లెక్కల్లో ఒక ఊరు ‘ఫ్లోరైడ్ రహితం’ అయిందంటే, ఆ ఊరికి మంచి నీటి సరఫరా అందిందని అర్థం. ఊరి బోర్లలో ఫ్లోరైడ్ తగ్గిందని కాదు. పైపు పగిలి నాలుగు రోజులు నీళ్లు రాకపోతే పంచాయతీ వాళ్లు పాత బోరు మోటారు వేసి అదే ట్యాంకు నింపుతారు. నల్లా అదే, బిందె అదే, నీరు మాత్రం వేరు. ఆ నాలుగు రోజులు వచ్చింది ఏ నీరో ఇంటివాళ్లకు చెప్పేవాళ్లు ఉండరు. అడగాల్సింది మనమే.

నీళ్లు మంచివని ఏ లెక్కన చెబుతారు?

భారత ప్రమాణాల సంస్థ తాగునీటికి ఇచ్చిన ప్రమాణం పేరు ఐఎస్ 10500. ఇప్పుడున్నది 2012లో సవరించి ఇచ్చినది, తర్వాత కొన్ని మార్పులూ చేశారు. అందులో ఒక్కో అంశానికి సాధారణంగా రెండు హద్దులుంటాయి. ఒకటి ఉండాల్సిన హద్దు. రెండోది, వేరే నీటి దిక్కు లేనప్పుడు మాత్రమే ఒప్పుకునే హద్దు. మన ప్రాంతానికి ముఖ్యమైన వాటినే చెబుతాను. ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, దిక్కులేకపోతే 1.5. నీటిలో కరిగిన లవణాలు, అంటే టీడీఎస్, 500, దిక్కులేకపోతే 2000. కాఠిన్యం 200, దిక్కులేకపోతే 600. నైట్రేట్‌కు 45 దాటడానికి వీల్లేదు, దానికి రెండో హద్దే లేదు. నీటి పులుపు, క్షార గుణాన్ని చెప్పే పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్య ఉండాలి. 100 మిల్లీలీటర్ల నీటిలో ఈ-కోలై అనే సూక్ష్మజీవి ఒక్కటి కూడా కనిపించకూడదు. మలం నీటిలో కలిసిందనడానికి అది గుర్తు.

ఫ్లోరైడ్ 1.2 వచ్చింది. 1.5 లోపే కదా అంటున్నారు. నిజమేనా?

కాగితం మీద నిజం. మన ఎండల్లో నేను ఒప్పుకోను. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 1.5 అనే చెబుతుంది. కానీ స్థానిక వాతావరణాన్ని, మనుషులు తాగే నీటి పరిమాణాన్ని చూసుకుని హద్దు పెట్టుకోవాలని కూడా ఆ సంస్థే చెప్పింది. మే నెలలో పొలంలోనో ఉపాధి పనిలోనో ఉన్న మనిషి రోజుకు ఆరు లీటర్లు తాగుతాడనుకోండి. లీటరుకు 1 మిల్లీగ్రాము చొప్పున ఒంట్లోకి వెళ్లేది 6 మిల్లీగ్రాములు. చల్లని ఊళ్లో రెండు లీటర్లు తాగే మనిషి ఒంట్లోకి అంత ఫ్లోరైడ్ వెళ్లాలంటే అతని నీటిలో లీటరుకు 3 మిల్లీగ్రాములు ఉండాలి. అందుకే నల్లా నీరు అందుబాటులో ఉన్న ఊళ్లో 1 దాటిన బోరు నీటిని తాగడానికి వాడవద్దనే చెబుతాను.

ఈ ప్రమాణం తప్పితే ఎవరికైనా శిక్ష ఉంటుందా?

ఇక్కడే మన వ్యవస్థలో పెద్ద ఖాళీ ఉంది. ఐఎస్ 10500 పాటించకపోతే నీళ్లు సరఫరా చేసే సంస్థకు ఇంత జరిమానా అని నేరుగా చెప్పే జాతీయ చట్టం మనకు లేదు. 1974 నాటి నీటి చట్టం నదులను, చెరువులను కలుషితం చేసేవాళ్లను పట్టుకోవడానికి వచ్చింది, మన నల్లాలో వచ్చే నీటి నాణ్యత కోసం కాదు. రాజ్యాంగంలో తాగునీరు పదకొండో షెడ్యూలు కింద పంచాయతీల బాధ్యతల్లో, పన్నెండో షెడ్యూలు కింద మున్సిపాలిటీల బాధ్యతల్లో చేరింది. మంచి నీరు 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1991లో సుభాష్ కుమార్ కేసులో చెప్పింది. హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ జలాశయాలను కాపాడే విషయంలో ప్రొఫెసర్ ఎం.వి. నాయుడు కేసులోనూ తాగునీటి హక్కును గట్టిగా నిలబెట్టింది. హక్కు ఉంది. దాన్ని రోజూ కాపలా కాసే యంత్రాంగమే సరిగా లేదు.

ఇంకో లోపం కూడా చెప్పాలి. మన దగ్గర నీళ్లు ఇచ్చేదీ, ఆ నీళ్లు మంచివని సర్టిఫికెట్ ఇచ్చేదీ దాదాపు ఒకే శాఖ. ఇంగ్లండ్, వేల్స్‌లో సరఫరా కంపెనీల మీద కన్ను వేయడానికి 1990లోనే ప్రత్యేక తాగునీటి తనిఖీ సంస్థ పెట్టారు. అమెరికాలో తాగునీటి చట్టం 1974లో వచ్చింది. 1996 సవరణ తర్వాత ఊరికి నీళ్లిచ్చే సంస్థ ఏడాదికోసారి పరీక్ష ఫలితాలను వినియోగదారులకు తెలపాల్సిందే. మనకూ అలాంటి చట్టం రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. అది వచ్చేదాకా గ్రామసభలో లేచి ‘ఈ నెల అంకె ఎంత?’ అని అడిగే మనిషే మన తనిఖీ అధికారి.

నీళ్లలో బ్లీచింగ్ వాసన వస్తోంది. పారబోయాలా?

వద్దు. ఆ సన్నని వాసన నల్లా నీటికి ఉన్న రక్షణ. శుద్ధి కేంద్రంలో సూక్ష్మజీవులను చంపిన తర్వాత కూడా కొంత క్లోరిన్ నీటిలో మిగిలి ఉండాలి. పైపులో, ట్యాంకులో, సంపులో మళ్లీ ఏదైనా కలిస్తే దాన్ని చంపడానికే ఆ మిగులు. ఊరి చివరి ఇంటి నల్లాలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. కామెర్ల వంటి వైరస్ జబ్బులు తిరిగే కాలంలో 0.5 ఉండాలి. వాసన నచ్చకపోతే బిందె మీద శుభ్రమైన గుడ్డ కప్పి గంట ఉంచండి, తగ్గుతుంది.

పంచాయతీ ట్యాంకులో బ్లీచింగ్ వేసేవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు గుప్పెడు పొడి నేరుగా చల్లడం. తాజా పొడిలో క్లోరిన్ దాదాపు 33 శాతం ఉంటుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము క్లోరిన్ అందాలంటే వెయ్యి లీటర్లకు 3 గ్రాముల పొడి కావాలి. గాలి, ఎండ తగిలి బలం 25 శాతానికి పడిపోతే 4 గ్రాములు. అంటే 60 వేల లీటర్ల ట్యాంకుకు 180 నుంచి 240 గ్రాములు. దాన్ని బకెట్ నీళ్లలో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైన తేరిన నీటిని మాత్రమే ట్యాంకులో పోయాలి. అరగంట ఆగి వాల్వు తిప్పాలి. ఆ అరగంట ఆగకపోతే వేసిందంతా వృథా. మూత తీసిన సంచిని పంచాయతీ గదిలో కిటికీ పక్కన నెలల తరబడి ఉంచితే చివరికి మిగిలేది సున్నమే.

మిగులు క్లోరిన్ ఉందో లేదో చూడటం చాలా సులువు. చిన్న గొట్టంలో నీళ్లు తీసుకుని మందు చుక్కలు వేస్తే పసుపు రంగు తిరుగుతుంది. కొన్ని పెట్టెల్లో గులాబీ రంగు వస్తుంది. రంగు రాకపోతే క్లోరిన్ లేదు. ఒక ఊళ్లో ఆ వివరాలు రాసే రిజిస్టరు అడిగి చూశాను. నెలంతా ఒకే అంకె, ఒకే సిరా. ఇంకా రాని రెండు రోజులకు కూడా 0.2 అని రాసి ఉంది. ఆ రోజే చివరి వీధి నల్లా దగ్గర పరీక్ష చేస్తే చుక్క రంగు కూడా రాలేదు. ఆ ఇంట్లో ఆరు నెలల పాప ఉంది. ఆ రిజిస్టరు ఇప్పటికీ నాకు గుర్తొస్తూనే ఉంటుంది.

ట్యాంకు దగ్గర బాగున్న నీళ్లు మా ఇంటికి వచ్చేసరికి ఎందుకు చెడిపోతున్నాయి?

నీళ్లు రోజుకు గంటో రెండు గంటలో వదులుతారు. మిగతా సమయంలో పైపు ఖాళీ. ఖాళీ పైపుకు ఎక్కడైనా చిల్లు ఉంటే, పక్కన మురుగు కాలువ పారుతుంటే, ఆ మురుగు లోపలికి చేరుతుంది. మళ్లీ నీళ్లు వదలగానే ముందు వచ్చేది అదే. ఒకరిద్దరు నల్లాకు నేరుగా మోటారు బిగిస్తే ఇంకా ప్రమాదం, ఎందుకంటే మోటారు పీల్చేది నీళ్లను మాత్రమే కాదు, చిల్లుల్లోంచి చుట్టూ ఉన్న మురుగునూ పీల్చుతుంది. మోటారు పెట్టినాయనకు నీళ్లు ఎక్కువ వస్తాయి, వీధికంతటికీ విరేచనాలు వస్తాయి. ఈ మాట కటువుగా ఉన్నా చెప్పక తప్పదు.

గుంటలో ఉన్న నల్లాను నేల మట్టానికి పైకి లేపించుకోండి. నీళ్లు వచ్చిన మొదటి రెండు నిమిషాలు తాగడానికి పట్టుకోవద్దు, ఆ నీళ్లను బట్టలకో గిన్నెలకో వాడుకోండి.

పరీక్ష ఎవరు చేయాలి? ఎన్నిసార్లు?

ప్రతి తాగునీటి వనరుకూ ఏడాదికి ఒకసారి రసాయన పరీక్ష, వానాకాలానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి సూక్ష్మజీవుల పరీక్ష జరగాలన్నది దేశమంతా అనుసరించే పద్ధతి. ఇది గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలల పని. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు మహిళలకు పరీక్ష పెట్టె వాడటంలో శిక్షణ ఇవ్వాలని చెప్పారు. ఎక్కువగా మహిళా సంఘం అక్కలు, ఆశా కార్యకర్తలే ఆ శిక్షణ తీసుకుంటున్నారు. నేను చూసినంతలో ఊళ్లో అందరికంటే నమ్మకంగా పరీక్ష చేసేది వాళ్లే, ఎందుకంటే ఆ నీళ్లు వాళ్ల పిల్లలే తాగుతారు. మీ ఊళ్లో పెట్టె ఉందా, అందులో మందుల గడువు తీరిపోయిందా అని ఒకసారి చూడండి. మామూలు మనుషులు కూడా నామమాత్రపు రుసుము కట్టి ప్రయోగశాలలో నీళ్లు పరీక్ష చేయించుకోవచ్చు.

నమూనా ఎలా పట్టుకెళ్లాలి?

ఫ్లోరైడ్, నైట్రేట్ వంటి రసాయన పరీక్షలకు లీటరు ప్లాస్టిక్ సీసా చాలు. గాజు సీసా వద్దు. కూల్‌డ్రింకు, నూనె పోసిన సీసా కూడా వద్దు. నల్లా రెండు మూడు నిమిషాలు వదిలి, అదే నీటితో సీసాను మూడుసార్లు కడిగి, మెడ దాకా నింపి, ఊరి పేరు, వీధి, తేదీ, నీటి వనరు రాసి అంటించండి. బోరు నీరా, భగీరథ నీరా అన్నది రాయకపోతే ఫలితం వచ్చినా దానికి అర్థం ఉండదు.

సూక్ష్మజీవుల పరీక్షకు మీ సీసా పనికిరాదు. ప్రయోగశాల వాళ్లే క్రిమిరహితం చేసిన సీసా ఇస్తారు. దాన్ని కడగవద్దు, లోపల వేలు పెట్టవద్దు. మంచు పెట్టెలో ఉంచి వీలైతే ఆరు గంటల్లో, ఎట్టి పరిస్థితిలోనూ 24 గంటలు దాటకుండా చేర్చాలి.

కాచి తాగితే ఫ్లోరైడ్ పోతుందా?

పోదు. నీరు ఆవిరై మిగిలిన నీటిలో ఇంకాస్త పెరుగుతుంది. నైట్రేట్‌కూ అంతే. కాచడం సూక్ష్మజీవులకే మందు.

ఊళ్లో ఫిల్టర్ నీళ్ల ప్లాంటు ఉంది. క్యాను ఐదు రూపాయలో పది రూపాయలో. అవి మంచివి కావా?

ఆ ప్లాంటులో ఉండే ఆర్వో యంత్రం సన్నని పొరలోంచి నీటిని వడగడుతుంది, బాగా పనిచేస్తున్నంతకాలం ఫ్లోరైడ్‌ను చాలావరకు తీసేస్తుంది. భగీరథ రాకముందు మా ప్రాంతంలో ఎన్నో కుటుంబాలను ఆ నీళ్లే కాపాడాయి. ఆ మేలు నేను కాదనను. కానీ లోపలి పొర పాడైతే నీళ్లు తేటగానే వస్తాయి, ఫ్లోరైడ్ కూడా వస్తుంది. పొర ఎప్పుడు మార్చారో, చివరిసారి నీళ్లు ఎప్పుడు పరీక్ష చేయించారో ప్లాంటు నడిపేవాళ్లను అడగండి. సీలు వేసి అమ్మే నీటికి ఆహార భద్రతా సంస్థ లైసెన్సు ఉండాలి. మన ఊళ్లో మూత తీసి నింపే క్యాన్లపై పర్యవేక్షణ ఎంత ఉందో మీకు తెలిసిందే. ఆ నీటిలో క్లోరిన్ ఉండదు కాబట్టి, కడగని క్యాను లోపల పాచి పడితే సూక్ష్మజీవులు హాయిగా పెరుగుతాయి.

ఇంకో సంగతి గురించి ఎవరూ మాట్లాడరు. ఆర్వో వదిలేసే నీటిలో ఫ్లోరైడ్ రెట్టింపు చిక్కగా ఉంటుంది. దాన్ని ఇంకుడుగుంతలోనో పాడుబావిలోనో వదిలితే మన నేల విషాన్ని మనమే ముద్దచేసి మళ్లీ నేలకు తినిపించినట్టు.

టీడీఎస్ మీటరులో 300 వచ్చింది. ఫ్లోరైడ్ లేదనుకోవచ్చా?

లేదు. ఆ మీటరు మొత్తం లవణాలెన్నో చెబుతుంది, అందులో ఫ్లోరైడ్ ఎంతో చెప్పలేదు. ఇల్లిల్లూ తిరిగి మీటరు చూపించి యంత్రాలు అమ్మేవాళ్లను చూసి భయపడవద్దు.

‘నల్లగొండ పద్ధతి’ అంటే ఏమిటి?

నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధనా సంస్థ 1970లలో రూపొందించిన పద్ధతి ఇది. ఫ్లోరైడ్ ఉన్న నీటిలో సున్నం, పటిక, కొంచెం బ్లీచింగ్ పొడి కలిపి తిప్పుతారు. పటిక చిన్న చిన్న గడ్డలుగా కడుతూ ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు దిగుతుంది. పైన తేరిన నీటిని వడగడతారు. కరెంటు లేకుండా బిందెలో కూడా చేయవచ్చు. చవకైనది, కానీ పటిక మోతాదు నీటిని బట్టి మార్చాలి, మడ్డిని జాగ్రత్తగా పారేయాలి, రోజూ శ్రద్ధగా చేసే మనిషి ఉండాలి. ఆ శ్రద్ధ కొరవడిన చోటల్లా మూలన పడింది. ఈ పద్ధతి మన జిల్లా పేరుతో ప్రపంచంలో ఎక్కడెక్కడో పాఠ్యపుస్తకాల్లో ఉంది.

మా పాప పళ్ల మీద తెల్లటి, గోధుమ రంగు చారలున్నాయి. తగ్గుతాయా?

పన్ను చిగురు లోపల తయారవుతున్న వయసులో ఫ్లోరైడ్ ఎక్కువైతే ఆ మచ్చలు పడతాయి. వచ్చిన మచ్చ దానంతట అది పోదు, దంత వైద్యులు పైపైన బాగుచేయగలరు. ఎముకల్లో చేరినదాన్ని వెనక్కి తీసే మందు లేదు. అందుకే గర్భిణులకు, ఎనిమిదేళ్లలోపు పిల్లలకు నీటి విషయంలో రాజీ వద్దు. పాలు, ఆకుకూరలు, నిమ్మ, ఉసిరి వంటివి బాగా పెట్టండి. కాల్షియం, సి విటమిన్ అందే ఒంటిలో ఫ్లోరైడ్ చేసే చెరుపు తక్కువ. తోటి పిల్లలు వెక్కిరిస్తే పాప నోరు మూసుకుని నవ్వడం అలవాటు చేసుకుంటుంది. ఆ నవ్వు నేను చాలా ఇళ్లలో చూశాను. ఇది నీ తప్పు కాదమ్మా అని ఇంట్లోవాళ్లే మొదట చెప్పాలి.

నైట్రేట్ ఎక్కడి నుంచి వస్తుంది?

యూరియా, పశువుల కొట్టాలు, బావి పక్కన మరుగుదొడ్డి గుంత. పోత పాలు తాగే పసికందులకు ఇది ఎక్కువ ప్రమాదం. నైట్రేట్ ఎక్కువున్న నీటితో పాలు కలిపితే రక్తం ఆక్సిజన్‌ను మోసే శక్తి తగ్గి ఒళ్లు నీలంగా మారుతుంది.

నీళ్లు పాడయ్యాయి. ఎవరికి చెప్పాలి?

ముందు పంచాయతీ కార్యదర్శికి, సర్పంచ్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. నకలు మీద సంతకం, తేదీ వేయించుకోండి. నోటిమాటగా చెప్పింది రికార్డులో ఉండదు. పైపులైను సంగతైతే మండలంలో మిషన్ భగీరథ ఏఈకి, అంటే అసిస్టెంట్ ఇంజనీరుకు చెప్పండి. కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి వెళ్లండి. ఒకే వీధిలో ఇద్దరు ముగ్గురికి విరేచనాలు మొదలైతే ఇవేవీ ఆగి చూడకుండా వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి చెప్పండి, అప్పటిదాకా నీళ్లు కాచి తాగండి.

పరీక్ష ఫలితాలు చూపించకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. ‘గత ఏడాది మా ఊరి నీటి వనరులకు చేసిన పరీక్షల నివేదికల నకళ్లు ఇవ్వండి’ అని ఒక్క వాక్యం రాస్తే చాలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు రుసుము లేదు.

పాత బోరింగులు పీకేయాలా?

వద్దు. పైపులు పగిలిన రోజున పశువులకు, ఇంటి వాడకానికి అవే దిక్కు. పరీక్ష చేయించి, ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరింగుకు ఎర్ర రంగు వేయించండి. దాని గట్టు మీద ‘తాగడానికి కాదు’ అని పెద్ద అక్షరాలతో, కింద ఫ్లోరైడ్ అంకెతో రాయించండి. చదువురాని వాళ్లకు రంగే చెబుతుంది. బడి దగ్గర, పొలం దారిలో ఉన్నవాటితో మొదలుపెట్టండి. దాహం వేసిన పిల్లలు, కూలికి వెళ్లేవాళ్లు దోసిలి పట్టేది వాటి దగ్గరే.